గడ్డకట్టిన రాషను, చిన్న మంట

మన సంచికలో ప్రతి ఏడాదీ యుద్ధాల గురించి, శౌర్య పతకాల గురించి, రెజిమెంట్ల చరిత్ర గురించి మంచి మంచి వ్యాసాలు వస్తున్నాయి. అవి రాసేవాళ్లు నాకంటే పెద్దవాళ్లు, బాగా చదువుకున్నవాళ్లు. నేను ఇంటర్ పాసై భర్తీ అయినవాణ్ణి. సర్వీసు చాలావరకు ఏ.ఎస్.సి.లో, అంటే రాషను, కిరోసిను, బండ్లు, కంచరగాడిదల లెక్కల్లో గడిచింది. ఈసారి మీరూ ఏదైనా రాయండి సాబ్ అని సంపాదక మిత్రులొకరు అడిగితే, స్టవ్వు గురించి రాస్తానన్నాను. ఫోన్లో అవతల కాసేపు మాట లేదు. "స్టవ్వుకి చరిత్ర ఏముంటుంది సాబ్?" అన్నారు. ఉందండీ. అది లేక చచ్చిపోయినవాళ్లున్నారు. అది ఉండి, దాన్ని వాడే పద్ధతి తెలియక చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. యుద్ధం పుస్తకాల్లో తుపాకీ పేరు ఉంటుంది, దాని రేంజి ఎంతో ఉంటుంది. ఆ తుపాకీ పట్టుకున్నవాడు పొద్దున్నే ఏం తాగాడు, గడ్డకట్టిన కొండ మీద ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి అన్నది మాత్రం ఉండదు.

మన తెలుగు జిల్లాల్లో పుట్టినవాడికి కరిగించడం అంటే నెయ్యే గుర్తొస్తుంది. ధనుర్మాసం చలికి పేరిన నెయ్యి గిన్నెను పొయ్యి గట్టు మీదనో, కుంపటి పక్కనో పెడితే కాసేపట్లో కరుగుతుంది. తొందరపడి నేరుగా నిప్పు మీద పెడితే మాడిపోతుందని అమ్మ తిడుతుంది. మంట మీద కాదు, మంట పక్కన పెట్టాలి అన్న ఆ పాటి తెలివే పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున మనిషికి ఆధారం అవుతుందని అక్కడికి వెళ్లేదాకా ఎవరికీ తోచదు. అక్కడ నెయ్యి ఒక్కటే కాదు, అన్నీ పేరినవే. 2019 జూన్‌లో సియాచిన్ జవాన్లు కొందరు తీసిన వీడియో ఒకటి దేశమంతా చూసింది. జ్యూసు ప్యాకెట్టు చింపితే లోపల ఇటుక లాంటి గడ్డ. గుడ్డును సుత్తితో కొడితే సుత్తి ఎగిరిపడుతోంది. బంగాళాదుంప, ఉల్లిపాయ, టమాటా, అన్నీ అదే వరస. చూసినవాళ్లు నవ్వారు, బాధపడ్డారు, ఒకరికొకరు పంపుకున్నారు. మా బోటి వాళ్లకి అందులో కొత్త ఏమీ లేదు. ఆ గుడ్డును తినే పదార్థంగా మార్చే పని ఆ తర్వాత మొదలవుతుంది, అది వీడియోలో కనబడదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పక తప్పదు. లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో కేలరీ కావాలని హైస్కూల్లో చదువుకున్నాం. కింద మైదానంలో 25 డిగ్రీల నీళ్లను మరిగించాలంటే లీటరుకు 75 కిలో కేలరీలు చాలు. పైన మైనస్ 30లో ఉన్న మంచును ముందు సున్నాకు తేవడానికి 15 కావాలి. సున్నా దగ్గర ఉన్న మంచు, సున్నా దగ్గరే ఉన్న నీరుగా మారడానికి 80. ఆ నీళ్లు 80 డిగ్రీలకు రావడానికి ఇంకో 80. మొత్తం 175. కింద చాయ్‌కి అయ్యే వేడికి రెండింతలు దాటిపోయింది. మధ్యలోని ఆ 80 మరీ అన్యాయం. అంత ఇంధనం కాలినా గిన్నెలో ఒక్క డిగ్రీ పెరగదు, వేలు పెడితే జివ్వుమనే చల్లటి నీళ్లే ఉంటాయి. దీనికి తోడు 18,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సగానికి పడిపోయి, నీళ్లు సుమారు 82 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కరు లేకపోతే కందిపప్పు గంటల తరబడి గిన్నెలో తిరుగుతూ ఉంటుంది తప్ప ఉడకదు. మంటకూ ప్రాణవాయువు కావాలి కదా, అదీ అక్కడ సగమే.

అందుచేత ఎత్తు ప్రదేశంలో పోస్టు ఎన్ని రోజులు నిలుస్తుంది అన్నది బియ్యం మూటలు లెక్కపెట్టి చెప్పలేం, కిరోసిను జెర్రీకేన్లు లెక్కపెట్టి చెప్పాలి. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే. బియ్యం ఉండి కిరోసిను లేకపోతే ఆ పోస్టులో తిండి లేనట్టే, నీళ్లు కూడా లేనట్టే. ఈ సంగతి ప్రపంచానికి తెలిసి రావడానికి చాలా ప్రాణాలు ఖర్చయ్యాయి.

పొయ్యిని సైన్యం వెంట మోసుకుపోయే విషయంలో మొదట గట్టిగా ఆలోచించినవాడు సిపాయి కాదు, వంటవాడు. అలెక్సిస్ సోయర్ అని ఫ్రాన్స్ దేశస్థుడు, లండన్‌లో రిఫార్మ్ క్లబ్బులో పేరుమోసిన షెఫ్. 1855లో క్రిమియా యుద్ధానికి తనంతట తాను వెళ్లి, డ్రమ్ము ఆకారంలో మూసి ఉండే పొయ్యి ఒకటి అక్కడి సైన్యానికి చూపించాడు. మంట లోపల ఉంటుంది కాబట్టి గాలికి ఆరదు, రాత్రి శత్రువుకి కనబడదు, కట్టెలు బాగా ఆదా అవుతాయి. బ్రిటిషు సైన్యం ఆ నమూనాను వంద సంవత్సరాలకు పైగా వాడింది. అయితే దానికీ కట్టెలో బొగ్గులో కావాలి. చెట్టు అన్నదే లేని మంచులో అది ఇనప డబ్బా మాత్రమే.

మంచులో కట్టె లేకుండా బతకడం నేర్పినవాళ్లు ధ్రువయాత్రికులు. నార్వే దేశపు నాన్సెన్ 1888లో గ్రీన్‌లాండ్ మంచును అడ్డంగా దాటినప్పుడు వెంట ఉన్నది స్పిరిట్ పొయ్యి. దానితో కరిగిన నీళ్లు సరిపోక, చుట్టూ కనుచూపు మేరా మంచు ఉండి కూడా ఆ ఆరుగురూ దాహంతో అల్లాడారు. రేకు సీసాల్లో మంచు నింపుకుని చొక్కా లోపల ఒంటి వేడికి కరిగించుకుని తాగారు. మంచు తింటే దాహం తీరుతుంది కదా అని మైదానంలో వాళ్లు అడుగుతుంటారు. నోట్లో వేసుకున్న మంచును కరిగించేది మన ఒంటి వేడే. ఆ వేడి కూడా మనం తిన్న రాషనులోంచే రావాలి.

నాలుగేళ్ల తర్వాత, 1892లో, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే పనివాడు పొగ రాని కిరోసిను స్టవ్వు తయారు చేశాడు. దాని పేరు ప్రైమస్. దీంట్లో వత్తి లేదు. ముందు బర్నర్ కింద పళ్లెంలో కాస్త స్పిరిట్ పోసి వెలిగిస్తే గొట్టం కాలుతుంది. అప్పుడు పంపు కొడితే ఒత్తిడికి పైకి వచ్చిన కిరోసిను ఆ వేడి గొట్టంలో ఆవిరైపోయి, సన్నటి రంధ్రంలోంచి బుస్సుమని వచ్చి నీలంగా మండుతుంది. గ్యాసు రాకముందు మన ఇళ్లల్లో తెల్లవారుజామున గుయ్యిమని మోగిన ఇత్తడి పంపు స్టవ్వు దీని సంతానమే. పిన్ను పెట్టి పొడిచి, పంపు కొట్టి, కళ్లలో నీళ్లు పెట్టుకున్న అమ్మలకూ అక్కలకూ అది ధ్రువ ప్రాంతాల దాకా వెళ్లొచ్చిన వస్తువని తెలియదు. నాన్సెన్ తన తర్వాతి యాత్రలో ఈ ప్రైమస్ మీద ఒక ప్రత్యేకమైన గిన్నెల అమరిక వాడాడు. మధ్య గిన్నెలో కూర ఉడుకుతుంటే, దాని చుట్టూ పక్కల నుంచి పోయే వేడికి ఇంకో గిన్నెలో మంచు నెమ్మదిగా కరుగుతూ ఉంటుంది. వేడి ఎక్కడా వృథా పోదు. ఈ అమరికను నేను చాలాసార్లు తలుచుకున్నాను. మన లంగర్లో పెద్ద దేగిసా పక్కన టిన్నులు ఆనించి పెట్టే పద్ధతి సరిగ్గా అదే. దాన్ని ఏ పుస్తకం చదివీ ఎవరూ పెట్టలేదు.

స్టవ్వు సంపాదించినంత మాత్రాన కథ అయిపోలేదు. దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ 1912 మార్చిలో ఇంగ్లీషు కెప్టెన్ స్కాట్, ఆయన వెంట ఉన్నవాళ్లు చనిపోయిన సంగతి చాలామంది చదివే ఉంటారు. తిండి తక్కువై, చలికి, తుఫానుకి పోయారని చెప్పుకుంటాం. దారి పొడుగునా వాళ్లు ముందుగా దాచిపెట్టుకున్న కిరోసిను డబ్బాలు తెరిచి చూస్తే ఒక్కోదానిలో నూనె తరుగు ఉంది. మూతల కింద పెట్టిన తోలు వాషర్లు చలికి గట్టిపడి, సందుల్లోంచి నూనె ఆవిరై పోయింది. నూనె తగ్గితే నీళ్లు తగ్గాయి, వేడి తిండి తగ్గింది, నడక తగ్గింది. తర్వాతి డిపోకి పదకొండు మైళ్ల దూరంలో టెంటులోనే ఆగిపోయారు. ఆఖరి డేరా వేసిన నాటికి మనిషికి రెండేసి కప్పుల చాయ్‌కి మాత్రమే నూనె మిగిలింది. వాళ్లకంటే ముందు ధ్రువం చేరి క్షేమంగా తిరిగొచ్చిన ఆముండ్సెన్ తన డబ్బాల మూతలకి టంకం వేయించుకున్నాడు. స్టోర్‌మ్యాన్ పని అంటే లెక్కల పుస్తకం రాసుకోవడం అనుకునేవాళ్లకి ఈ రెండు డబ్బాల సంగతి చెప్పాలనిపిస్తుంది.

మన హిమాలయాలకు వస్తే, 1952 మే 27వ తేదీ రాత్రి ఎవరెస్టు మీద సుమారు 27,500 అడుగుల దగ్గర మన టెన్సింగ్ నార్గే, స్విట్జర్లాండ్‌కు చెందిన రేమండ్ లాంబెర్ ఒక చిన్న గుడారంలో ఇరుక్కుని ఉన్నారు. స్లీపింగ్ బ్యాగులు లేవు, స్టవ్వు లేదు. గొంతు ఎండిపోతోంది. చేతిలో ఒక కొవ్వొత్తి, ఒక ఖాళీ టిన్ను. ఆ కొవ్వొత్తి మీద టిన్నులో ఐసు ముక్కలు పెట్టి, చుక్కలు చుక్కలుగా కరిగించుకుని తాగారు. రాత్రంతా ఒకరినొకరు కొట్టుకుంటూ రుద్దుకుంటూ నిద్ర పోకుండా గడిపి, తెల్లారి ఇంకా పైకి నడిచి, అప్పటిదాకా మనిషి ఎక్కని ఎత్తు చేరి వెనక్కి తిరిగారు. ఒక్క స్టవ్వు, రెండు బుడ్ల నూనె ఉంటే ఎవరెస్టు కీర్తి ఆ ఏడాదే స్విస్ వాళ్లకు దక్కేదేమో. ఇది నా ఊహ మాత్రమే.

మరుసటి ఏడాది వచ్చిన బ్రిటిషు జట్టులో గ్రిఫిత్ ప్యూ అనే డాక్టరు ఉన్నాడు. అంత ఎత్తున మనుషులు కూలబడటానికి గాలి ఒక్కటే కాదు, ఒంట్లో నీళ్లు ఎండిపోవడం కూడా కారణమని, రోజుకు లీటర్ల కొద్దీ తాగాలని ముందే చెప్పాడు. తాగాలంటే కరిగించాలి, కరిగించాలంటే పై క్యాంపుల దాకా స్టవ్వులు, నూనె మోయాలి. మోశారు. 1953 మే 28 రాత్రి 27,900 అడుగుల దగ్గర హిల్లరీ, టెన్సింగ్ మాటిమాటికీ వేడి పానీయం తాగారు. రాయిలా బిగిసిన ఆప్రికాట్ పళ్ల టిన్నును ప్రైమస్ మీద కరిగించుకుని తిన్నారు. పొద్దున లేచేసరికి హిల్లరీ బూట్లు కూడా బిగిసిపోతే వాటినీ అదే స్టవ్వు మీద కాచి మెత్తబరిచాడు. ఆ తర్వాత శిఖరం ఎక్కారు. ఫోటోలో జెండాలు కనిపిస్తాయి, స్టవ్వు కనిపించదు.

ఇక మనందరికీ పరిచయమైన తెల్ల గోలీ. హెక్సామిన్. రసాయనంగా ఇది 1859లోనే బుట్లెరోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడి పరిశోధనలో బయటపడింది. ఫార్మాల్డిహైడ్, అమ్మోనియా కలిస్తే వచ్చేది. దాన్ని అదిమి గోలీలు చేసి, మడత పెట్టే రేకు పొయ్యితో కలిపి అమ్మినవాడు జర్మనీకి చెందిన ఎరిక్ షూమ్, 1936లో. ఎస్బిట్ అని పేరు పెట్టాడు. జేబులో పడుతుంది, ఒలికిపోదు, పొగ దాదాపుగా రాదు, బూడిద మిగలదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సిపాయి సంచిలో ఇది ఉండేది. అయినా 1941 చలికాలంలో మాస్కో ముందర ఆ సైన్యం రొట్టెను గొడ్డలితో నరుక్కుని తినాల్సి వచ్చింది. గోలీ ఒక మగ్గు కాఫీకి సరిపోతుంది గానీ, ఒక సైన్యం చలికాలమంతా బతకడానికి సరిపోదు. ఇదే హెక్సామిన్ నుంచి ఆర్.డి.ఎక్స్. కూడా తయారవుతుందని ఇంజనీర్ల రెజిమెంటు మిత్రుడొకాయన చెబితే మొదట నమ్మలేదు. నిజమే.

1950 నవంబరు, డిసెంబరు నెలల్లో కొరియాలో చోసిన్ రిజర్వాయరు దగ్గర అమెరికన్ మెరైన్లకు ఎదురైనది ఇంకో పాఠం. చలి మైనస్ 30 దాటింది. టిన్నులు మంటలో పడేస్తే బయట అంచు మాడుతుంది, మధ్యలో ఐసు అలాగే ఉంటుంది. యుద్ధం మధ్యలో ఓపిక ఎవరికుంటుంది, అలాగే తిన్నారు. చాలామందికి కడుపులు చెడ్డాయి. ఆ చలిలో విరేచనాలు పట్టుకుంటే ఏమవుతుందో మన పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు. చివరికి వాళ్లను నిలబెట్టింది టూట్సీ రోల్ అనే చాక్లెట్ మిఠాయి. నోట్లో పెట్టుకుంటే ఒంటి వేడికి కరుగుతుంది, స్టవ్వుతో పని లేదు. ఆ చలికాలంలోనే మన 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కూడా కొరియాలో పని చేసింది.

మన దేశం సంగతి. 1962లో మైదానాల నుంచి నూలు బట్టలతో పైకి వెళ్లిన పలటన్ల గురించి ఎంతో రాశారు. ఆ ఏడాది నవంబరు 18న రెజాంగ్ లా దగ్గర 13 కుమావూన్ కంపెనీ పదహారు వేల అడుగుల పైన పోరాడింది. మృతదేహాలు దొరికింది తర్వాతి ఏడాది మంచు తగ్గాక. ఆ చేదు అనుభవం తర్వాతే ఎత్తు ప్రదేశంలో మనిషి ఎలా తినాలి, ఎలా తాగాలి అన్నది మన దగ్గర శాస్త్రంగా మారింది. మైసూరులో రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల 1961 చివర్లోనే వచ్చింది. శరీర ధర్మాల మీద పరిశోధన చేసే డిపాస్ సంస్థ 1962లో వచ్చింది. టిన్ను కూరలు, ప్యాకెట్ పులావులు, ప్రత్యేక రాషన్ పట్టికలు వీళ్ల కృషే. ఎత్తు ప్రదేశం రాషనులో చాక్లెట్, డ్రైఫ్రూట్స్, డబ్బా పాలు ఎందుకు ఇస్తారో ఇప్పుడు పాఠకులకు అర్థమై ఉంటుంది. తక్కువ మంటతో, లేదా మంట లేకుండా లోపలికి వెళ్లే తిండి అది.

1978లో, మళ్లీ 1981లో కర్నల్ నరేంద్ర కుమార్ సియాచిన్ హిమానీనదం మీదికి తీసుకెళ్లిన యాత్రల వల్ల అక్కడి దారులు, ఎత్తులు మనకు తెలిశాయి. 1984 ఏప్రిల్ 13, వైశాఖి రోజున ఆపరేషన్ మేఘదూత్ మొదలైంది. కెప్టెన్ సంజయ్ కులకర్ణి నాయకత్వంలో 4 కుమావూన్ ప్లటూన్‌ను చీతా హెలికాప్టర్లు బిలాఫాండ్ లా దగ్గర దించాయి. వెంటనే వాతావరణం మూసుకుపోయింది. 1987 జూన్ 26న 21,153 అడుగుల పోస్టును నాయబ్ సుబేదార్ బానా సింగ్ బృందం పట్టుకున్నది. మన జె.సి.ఓ. ర్యాంకుకు పరమవీర చక్ర తెచ్చిన ఆ పేరు మనలో తెలియనివాళ్లు లేరు. పోస్టును పట్టుకోవడం ఒక రోజు పని, ఒక రాత్రి పని. పట్టుకున్నదాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం అంటే ప్రతి రోజూ అక్కడికి నూనె చేరాలి. ఇరవై లీటర్ల జెర్రీకేన్‌లో నూనె ఒక్కటే పదహారు కిలోలు. ఆ ఎత్తున చీతా మోయగలిగేది చాలా కొద్ది బరువు. మిగతాది జవాన్ల వీపుల మీద, స్కూటర్ల మీద. కొన్ని చోట్ల పైపులైనులో కూడా పంపారు. 2003 నవంబరులో కాల్పులు ఆగాక కూడా ఈ రవాణా ఒక్క రోజూ ఆగలేదు. చలికి కాల్పుల విరమణ లేదు కదా.

అక్కడ వంట ఎలా చేస్తారో నేను చూసింది రాస్తాను. శ్రీకాకుళం కుర్రాడొకడు కొన్నాళ్లు మా దగ్గర లంగర్ కుక్కు. కొత్తగా వచ్చిన గుంటూరు క్లర్కు ఒకతను సాయం చేస్తానని ఖాళీ గిన్నె నిండా మంచు వేసి స్టవ్వు మీద పెట్టబోయాడు. కుక్కు ఆపాడు.

"అలా ఎయ్యకు తమ్ముడూ, మాడిపోద్ది."

"మంచు మాడటం ఏంటన్నా?"

"ఏటి, మాడదనుకుంటన్నావా? ఏసి సూడు మరి."

వేశాడు. నిజంగానే మాడు వాసన వచ్చింది. ఎందుకంటే పొడి మంచు బ్లాటింగ్ కాగితం లాంటిది. అడుగున కరిగిన కాస్త నీటినీ పైన ఉన్న మంచు పీల్చేసుకుంటుంది. గిన్నె అడుగు పొడిగా కాలిపోతుంది. ఆ నీళ్లతో చేసిన చాయ్ రోజంతా మాడు కంపే. సరైన పద్ధతి ఏమిటంటే, నిన్నటి నీళ్లు ఒక మగ్గు దాచిపెట్టుకుని ముందు అవి పోయాలి, మంట తగ్గించాలి, ఆ తర్వాత మంచు కొంచెం కొంచెంగా వేసుకుంటూ పోవాలి. ఇంట్లో తోడు కోసం పెరుగు కాస్త మిగుల్చుకున్నట్టు అక్కడ నీళ్లకు తోడు నీళ్లే. వీలైతే పొడి మంచు వద్దు, గట్టి ఐసు ముక్కలు మేలు. గిన్నె నిండా మంచు వేస్తే కరిగేసరికి అడుగున కొన్ని నీళ్లే మిగులుతాయి.

టిన్నులకు ఇంకో పద్ధతి. మూత తెరవని టిన్ను మంట మీద పెడితే పేలుతుంది. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టి, గంటో రెండు గంటలో ఓపిక పట్టాలి. మధ్య మధ్యలో ఆ నీళ్లే మళ్లీ స్టవ్వు మీదకి, అవే చాయ్‌కి. డబ్బా పాలలో చక్కెర ఎక్కువ కాబట్టి పూర్తిగా గడ్డ కట్టవు, ముదురు పాకంలా చెంచాకి లొంగకుండా ఉంటాయి, వాటికి తక్కువ సమయం చాలు. మాంసం టిన్నుకి చాలా ఎక్కువ. చెంచా గుచ్చి మధ్య దాకా దిగిందో లేదో చూడాలి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టనివ్వకూడదు. టమాటాలు కరిగితే ముద్ద ముద్దగా నీళ్లోడతాయి, కూరలోకే పనికొస్తాయి. గుడ్లు ఉప్పునీళ్లలో నెమ్మదిగా వేడెక్కాలి. సెలవు నుంచి వచ్చినవాడు తెచ్చిన ఆవకాయ సీసా ఉంటే అది అందరి సొత్తు. నూనె పేరిపోయి ముక్క కదలదు. దాన్ని ఎవరూ స్టవ్వు మీద పెట్టరు, గాజు పగిలిపోతుందని. కోటు లోపల పెట్టుకుని కూర్చుంటారు, భోజనం వేళకు దారికి వస్తుంది. ఉత్తరాది సాబ్‌లు కూడా ఆ సీసా కోసం ఎదురుచూసేవాళ్లు, తిన్న తర్వాత చెమటలు పడుతున్నాయని సంతోషించేవాళ్లు.

పెట్రోలింగ్ వెళ్లేటప్పుడు పంపు స్టవ్వు బరువు, అప్పుడు హెక్సామిన్ గోలీలే. ఒక గోలీ పది పన్నెండు నిమిషాలు మండుతుంది. గాలికి అడ్డు లేకపోతే అది నాలుగు నిమిషాల పని కూడా చేయదు. అందుకే ముందు మంచులో మోకాలి లోతు గుంట, దాంట్లో రేకు పొయ్యి, మెస్ టిన్ను మీద మూత. మూత లేకుండా మంచు కరిగించడం అంటే గోలీని ఆకాశానికి అంటించడమే. టిన్ను అడుగున బంకలాంటి మసి పడుతుంది, చేపల కంపు కొడుతుంది, చేతులు కడుక్కోకుండా తినకూడదు, ఆ గోలీ కడుపులోకి వెళితే విషం. అమెరికా సైన్యం 1990ల నుంచి మంట లేని హీటరు వాడుతోంది. మెగ్నీషియం పొడి సంచిలో కాసిని నీళ్లు పోస్తే తనంతట తాను వేడెక్కుతుంది. చాలా మంచి వస్తువు. కాకపోతే దానికీ ముందు నీళ్లు కావాలి, మంచులో ఆ నీళ్లకోసం మళ్లీ ఒక మంట.

ఇప్పుడు మాట్లాడటానికి ఇష్టం లేని విషయం. స్టవ్వు మనిషిని బతికిస్తుంది, మూసిన గుడారంలో అదే చంపుతుంది. నూనె సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, పొగలా కళ్లు మండవు. కాస్త తలనొప్పి, కాస్త మగత. ఆ ఎత్తున తలనొప్పి, మగత ఎలాగూ రోజూ ఉండేవే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మంచు కరిగేటప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. చల్లటి గిన్నె అడుగు మంటకు మరీ దగ్గరగా తగిలితే మంట చల్లబడి సగం సగం కాలుతుంది. గంటల తరబడి చిన్న మంట మీద కరిగించే పని, బయట తుఫాను, గాలి రంధ్రం మంచుతో మూసుకుపోయి ఉంటుంది. అన్నీ కలిసి వస్తాయి. నేను ఉన్న సెక్టారులో ఒక పోస్టులో ఇద్దరు జవాన్లు ఇలాగే పడిపోయారు. డ్యూటీ మారడానికి వచ్చిన సంత్రీ పిలిస్తే పలకలేదు. అతను గుడారం తలుపు చింపేసి కాళ్లు పట్టుకుని ఇద్దర్నీ బయటికి ఈడ్చాడు. ఒకడు దక్కాడు. ఇంకొకడి పెట్టె సర్దుతుంటే, ఇంటికి రాసి పోస్టు చేయని ఇన్‌ల్యాండ్ కవరు కనబడింది. చనిపోయినవాళ్ల జాబితాలో ఇలాంటివాళ్ల పేరు ఎదురుగా శత్రువు పేరు ఉండదు, పతకమూ ఉండదు. సియాచిన్‌లో గుళ్లకంటే వాతావరణానికే ఎక్కువమంది పోయారని అందరం అంటాం. ఆ వాతావరణం అన్న మాటలో ఇవన్నీ కలిసి ఉన్నాయి.

2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తున ఉన్న పోస్టు మీద మంచుకొండ విరిగిపడి 19 మద్రాస్ పలటన్‌కు చెందిన పదిమందిని పొట్టన పెట్టుకుంది. వారిలో మన కర్నూలు జిల్లా బిడ్డ కూడా ఉన్నాడు. అన్నం తినే ప్రాంతాల పలటన్లు అంత ఎత్తున ఉండటం అంటే రోజూ ఆ బియ్యాన్ని కుక్కర్లలో ఉడికించుకోవడం. రొట్టె కంటే అన్నానికి నీళ్లు ఎక్కువ, అంటే మంచు ఎక్కువ, అంటే నూనె ఎక్కువ. ఇండెంటు రాసేటప్పుడు ఇది పట్టించుకునే క్వార్టర్‌మాస్టరు దొరికితే ఆ పలటన్ అదృష్టం.

2020 జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు, ఆయన జవాన్లు అమరులైన తర్వాత ఆ చలికాలం లడఖ్‌లో ఎప్పుడూ లేనంత సైన్యం నిలవాల్సి వచ్చింది. ఇంధనం సంగతి మళ్లీ పత్రికల్లోకి వచ్చింది. 2021 జనవరిలో డిపాస్ రెండు పరికరాల గురించి చెప్పింది. ఒకటి హిమ్ తాపక్, పాత బుఖారీ కంటే తక్కువ నూనెతో, మోనాక్సైడ్ ప్రమాదం లేకుండా బంకరును వెచ్చబరిచేది. రెండోది ఎండతో మంచు కరిగించే యంత్రం. సియాచిన్, ఖర్దుంగ్ లా, తవాంగ్‌లలో దాన్ని పరీక్షించారు, గంటకు 5 నుంచి 7 లీటర్ల తాగునీరు ఇస్తుందన్నారు. ఎండ ఉన్నంతసేపూ నూనె ఖర్చు లేదు. పైన ఎండ కాసే రోజు ఎలా ఉంటుందో అక్కడ చేసినవాళ్లకి తెలుసు, కళ్లు తెరవలేనంత కాంతి, ఆ కాంతిని ఇన్నేళ్లూ కళ్లద్దాలు పెట్టుకుని తప్పించుకోవడమే గానీ ఒక మగ్గు నీళ్లకు వాడుకోలేకపోయాం. తుఫాను రోజులకు, రాత్రులకు మాత్రం జెర్రీకేన్ల ఇండెంటు ఎప్పటిలాగే పెట్టాలి. దానితో పాటు వాషర్లు, పిన్నులు కూడా రాసుకోవాలి, వాటిని మర్చిపోతుంటారు.